విద్యుత్ వాహన యాజమాన్యం: నిబంధనలు, కొనుగోలుకు ముందు గమనించవలసిన అంశాలు

విద్యుత్ వాహనాలకు రాష్ట్రంలో జీవితకాల పన్ను, రిజిస్ట్రేషన్ రుసుముల మినహాయింపు ఉన్న సంగతి ప్రజలలోకి బాగా వెళ్ళినది. షోరూముల ప్రకటనలలోనూ, పత్రికలలోనూ ఈ అంశమే ప్రధానంగా కనిపిస్తున్నది. అయితే పన్ను మినహాయింపు వాహనం కొన్న రోజున ఒక్కసారి మాత్రమే ఉపకరిస్తుంది. ఆ వాహనాన్ని ప్రతి రాత్రి ఎక్కడ చార్జింగ్ చేయాలి, బ్యాటరీకి జవాబుదారీ ఎవరు అనే రెండు ప్రశ్నలు మాత్రం వాహనం ఉన్నంత కాలం యజమాని వెంట ఉంటాయి. ఈ రెండింటికి సమాధానం చూసుకోకుండా కొనుగోలు చేసినవారే తరువాత ఇబ్బంది పడుతున్నారు. పాత్రికేయుల, క్షేత్రస్థాయి అధికారుల ఉపయోగార్థం సంబంధిత నిబంధనలను, ఆచరణలో ఎదురయ్యే సమస్యలను ఈ వ్యాసంలో వివరించడమైనది.

ముందుగా ఒక చిన్న వివరణ అవసరం. విద్యుత్ వాహనాల గురించిన వార్తలలో కిలోవాట్, కిలోవాట్-అవర్ అనే రెండు కొలమానాలు తరచు ఒకదానికి బదులు మరొకటి వాడబడుతున్నవి. కిలోవాట్ మోటారు శక్తిని తెలుపుతుంది. రిజిస్ట్రేషన్ అవసరమా కాదా, బీమా ప్రీమియం ఎంత అనేవి దీనిపై ఆధారపడతాయి. కిలోవాట్-అవర్ బ్యాటరీలో నిలువ ఉండే విద్యుత్తును తెలుపుతుంది. కరెంటు బిల్లులో మనం ‘యూనిట్’ అని వ్యవహరించేది ఇదే. వాహనం ఎంత దూరం పోగలదు, చార్జింగ్‌కు ఎంత ఖర్చు అనేవి దీనినిబట్టి తేలుతాయి. ఈ భేదం గుర్తుంచుకొనిన పక్షంలో దిగువ నిబంధనలు సులభంగా బోధపడతాయి.

మోటారు వాహనమా, కాదా?

కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు, 1989లోని 2(యు) నిబంధన బ్యాటరీతో నడిచే వాహనాన్ని నిర్వచించినది. మోటారు అరగంటపాటు నిలకడగా ఇవ్వగల శక్తి 0.25 కిలోవాట్ కంటె తక్కువగా ఉండి, గరిష్ఠ వేగం గంటకు 25 కిలోమీటర్ల లోపు ఉన్న వాహనం మోటారు వాహనంగా పరిగణించబడదు. అట్టి వాహనానికి రిజిస్ట్రేషన్, డ్రైవింగ్ లైసెన్సు, తప్పనిసరి బీమా వర్తించవు. అయితే ఈ వెసులుబాటు దానంతటదే రాదు. నిబంధన 126 కింద గుర్తింపు పొందిన పుణెలోని ఏ.ఆర్.ఏ.ఐ., మానేసర్‌లోని ఐక్యాట్ వంటి పరీక్షా సంస్థలు ఆ మోడల్‌ను పరీక్షించి ధ్రువీకరించి ఉండవలెను. విక్రేత నోటి మాట ధ్రువపత్రం కాదు. కొనుగోలుదారు ఆ పత్రం ప్రతిని అడిగి తీసుకొనడం మంచిది.

చిక్కు ఇక్కడే వస్తున్నది. 25 కిలోమీటర్ల వేగానికి ధ్రువీకరణ పొందిన స్కూటరుకు కొందరు మెకానిక్కులు వేగ నియంత్రణను తొలగించి 40, 45 కిలోమీటర్ల వేగంతో పోయేటట్లు మార్చి ఇస్తున్నారు. మార్చిన క్షణం నుండి అది రిజిస్ట్రేషన్ లేని, బీమా లేని మోటారు వాహనమే. మోటారు వాహనాల చట్టంలోని 182ఎ(4) సెక్షన్ ప్రకారం అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఆరు నెలల వరకు జైలు లేదా ఒక్కొక్క మార్పునకు రూ.5,000 వరకు జరిమానా విధించవచ్చును. రిజిస్ట్రేషన్ లేకుండా నడిపినందుకు, బీమా లేనందుకు వేరుగా చర్యలుంటాయి. జరిమానా కంటె పెద్ద నష్టం మరొకటి ఉన్నది. అట్టి వాహనం తగిలి పాదచారి ఎవరైనా గాయపడినచో పరిహారం మొత్తం యజమాని స్వంత ఆస్తి నుండి చెల్లించవలసి ఉంటుంది. పాఠశాల పిల్లలకు ఇట్టి స్కూటర్లు కొని ఇస్తున్న తల్లిదండ్రులు ఈ విషయం తప్పక తెలిసికొనవలెను.

ఈ పరిమితి దాటిన ప్రతి విద్యుత్ వాహనానికి పెట్రోలు వాహనానికి వలెనే రిజిస్ట్రేషన్, లైసెన్సు, బీమా, ద్విచక్ర వాహనమైతే హెల్మెట్ అవసరం. పొగ వెలువడదు కనుక కాలుష్య తనిఖీ ధ్రువపత్రంతో పని లేదు. 2018 ఆగస్టులో కేంద్ర రవాణా మంత్రిత్వ శాఖ జారీ చేసిన నోటిఫికేషన్ ప్రకారం సొంత వాహనాలకు ఆకుపచ్చ పలకపై తెల్ల అక్షరాలు, రవాణా వాహనాలకు ఆకుపచ్చ పలకపై పసుపు అక్షరాలు ఉండవలెను. బ్యాటరీతో నడిచే రవాణా వాహనాలకు పర్మిట్ అవసరం లేకుండా 2018 అక్టోబరులో మినహాయింపు ఇచ్చినారు. ఆటో, ట్యాక్సీ నడిపి జీవించేవారికి ఇది గణనీయమైన ఊరట. పాత పెట్రోలు వాహనానికి విద్యుత్ కిట్ అమర్చుకొనదలచినవారు ఏ.ఐ.ఎస్-123 ప్రమాణానికి అనుగుణంగా ఆమోదం పొందిన కిట్‌నే వాడి, ఇంధన మార్పును ఆర్.సి.లో నమోదు చేయించుకొనవలెను.

పన్నులు, రాయితీలు

తెలంగాణ ప్రభుత్వం 2020 అక్టోబరులో ప్రకటించిన విద్యుత్ వాహన విధానంలో మినహాయింపు నిర్ణీత సంఖ్యలోని వాహనాలకే పరిమితమై ఉండెను. ద్విచక్ర వాహనాలలో మొదటి 2 లక్షలకు అది వర్తించినది. 2024 నవంబరు 16న జారీ అయిన జి.ఓ. ఎం.ఎస్. నెం. 41 ద్వారా ఈ సంఖ్యా పరిమితిని తొలగించి, ఆ నెల 18 నుండి 2026 డిసెంబరు 31 వరకు పన్ను, రిజిస్ట్రేషన్ రుసుము పూర్తిగా మినహాయించినారు. రూ.10 లక్షలు దాటిన పెట్రోలు కారుకు జీవితకాల పన్నే లక్షన్నర రూపాయలకు పైబడుతుంది గనుక ఇది చిన్న మొత్తం కాదు.

వాహనం తెలంగాణలోనే కొని, తెలంగాణలోనే రిజిస్ట్రేషన్ చేయించి ఉండాలన్నది ఇందులోని ముఖ్యమైన షరతు. ఇక్కడ మినహాయింపు పొందిన వాహనాన్ని ఉద్యోగ బదిలీ మీదనో, మరే కారణం చేతనో ఆంధ్రప్రదేశ్‌కు గాని, కర్ణాటకకు గాని తీసుకొనిపోయి పన్నెండు నెలలకు మించి అక్కడ ఉంచినచో చట్టంలోని 47వ సెక్షన్ ప్రకారం ఆ రాష్ట్రపు గుర్తు పొందవలసి ఉంటుంది. అప్పుడు వర్తించేది ఆ రాష్ట్రపు పన్ను విధానమే. ఇక్కడి మినహాయింపు అక్కడ చెల్లదు. ఆంధ్రప్రదేశ్‌కు 2018-23 కాలానికి ఒక విధానం, 2024-29 కాలానికి మరొక విధానం ఉన్నవి. రెండు రాష్ట్రాల మధ్య తిరిగే కుటుంబాలు ముందే ఆలోచించుకొనవలసిన విషయమిది.

కేంద్రం వైపు నుండి 2019 ఆగస్టు 1న విద్యుత్ వాహనాలపై జి.ఎస్.టి.ని 12 నుండి 5 శాతానికి, చార్జర్లపై 18 నుండి 5 శాతానికి తగ్గించినారు. ఆర్.సి. జారీ, పునరుద్ధరణ రుసుములను 2021 ఆగస్టులో మినహాయించినారు. కొనుగోలు రాయితీల విషయంలో మాత్రం పాత సమాచారం ఇంకను ప్రచారంలో ఉన్నది. ఫేమ్-2 పథకం 2024 మార్చి 31తో ముగిసినది. ఆ తరువాత 2024 అక్టోబరు 1న రూ.10,900 కోట్లతో ప్రారంభమైన పి.ఎం. ఇ-డ్రైవ్ పథకంలో ద్విచక్ర వాహనాలకు కిలోవాట్-అవర్‌కు మొదటి సంవత్సరం రూ.5,000, రెండవ సంవత్సరం రూ.2,500 చొప్పున రాయితీ నిర్ణయించినారు. సొంత కార్లకు ఈ పథకంలో స్థానం లేదు. రాయితీ ఉన్నంత వరకు దానిని విక్రేత ధరలోనే తగ్గించి చూపవలెను. కొనుగోలుదారు ముందు పూర్తి ధర చెల్లించి తరువాత కార్యాలయాల చుట్టూ తిరిగే విధానం కాదు. అదే విధంగా వాహన రుణంపై వడ్డీకి లక్షన్నర రూపాయల వరకు ఆదాయపు పన్ను తగ్గింపు ఇచ్చిన 80ఇఇబి సెక్షన్ 2019 ఏప్రిల్ 1 నుండి 2023 మార్చి 31 మధ్య మంజూరైన రుణాలకే వర్తిస్తుంది. షోరూములో ఇప్పటికీ ఈ తగ్గింపును లెక్కగట్టి చూపిస్తే నమ్మరాదు.

బీమా విషయం సంగ్రహంగా చెప్పవచ్చును. 2022 జూన్ 1 నుండి అమలులోకి వచ్చిన పట్టికలో విద్యుత్ వాహనాల థర్డ్ పార్టీ ప్రీమియంపై 15 శాతం తగ్గింపు ఇచ్చినారు. దాని ప్రకారం 30 కిలోవాట్లకు మించని కారుకు ఏడాదికి రూ.1,780, 65 కిలోవాట్ల వరకు రూ.2,904, ఆపైన రూ.6,712 నిర్ణయించినారు. 3 కిలోవాట్లకు మించని ద్విచక్ర వాహనానికి రూ.457గా ఉండెను. కొత్త కారుకు మూడేళ్లు, కొత్త ద్విచక్ర వాహనానికి అయిదేళ్ల థర్డ్ పార్టీ బీమా ఒకేసారి తీసుకొనవలసి ఉంటుంది. బ్యాటరీకి జరిగే నష్టం ఈ థర్డ్ పార్టీ బీమా పరిధిలోకి రాదు. సమగ్ర బీమా తీసుకొన్నవారు సైతం నీట మునిగినప్పుడు, చార్జింగ్ సమయంలో విద్యుత్ హెచ్చుతగ్గుల వలన దెబ్బతిన్నప్పుడు బ్యాటరీకి పరిహారం ఉన్నదో లేదో పాలసీలో చదివి చూసుకొనవలెను.

ఇంటివద్ద చార్జింగ్

ఇక అసలు విషయానికి వద్దాము. 2022 ఏప్రిల్‌లో కొద్ది రోజుల వ్యవధిలో రెండు దుర్ఘటనలు జరిగినవి. నిజామాబాద్‌లో ఇంటిలో చార్జింగ్ పెట్టిన స్కూటర్ బ్యాటరీ పేలి ఒక వృద్ధుడు మరణించినారు. విజయవాడలో పడకగదిలో రాత్రంతా చార్జింగ్‌లో ఉంచిన బ్యాటరీ తెల్లవారుజామున పేలి ఇంటి యజమాని మరణించగా, కుటుంబ సభ్యులు గాయపడినారు. రెండు సందర్భాలలోనూ బ్యాటరీని వాహనం నుండి తీసి, మనుషులు నిద్రించే ఇంటిలోపల పెట్టినారు. అదే సంవత్సరం సెప్టెంబరు 12 రాత్రి సికింద్రాబాద్‌లో కింది భాగాన విద్యుత్ ద్విచక్ర వాహనాల విక్రయశాల, పై అంతస్తులలో లాడ్జి ఉన్న భవనంలో అగ్నిప్రమాదం సంభవించి ఎనిమిది మంది ప్రాణాలు కోల్పోయినారు. పొగ మెట్ల మార్గం గుండా పైకి వ్యాపించి, బయటకు వచ్చే దారి లేకపోవడం ప్రాణనష్టానికి దారితీసినది.

ఆ ఏడాది ప్రమాదాల తరువాత కేంద్రం బ్యాటరీ భద్రతా ప్రమాణాలను కట్టుదిట్టం చేసినది. ద్విచక్ర, త్రిచక్ర వాహనాలకు ఏ.ఐ.ఎస్-156, కార్లు, బస్సులకు ఏ.ఐ.ఎస్-038 ప్రమాణాల సవరణలు 2022 డిసెంబరు 1 నుండి మొదటి దశ, 2023 మార్చి 31 నుండి రెండవ దశగా అమలులోకి వచ్చినవి. కాబట్టి అంతకు ముందు తయారైన పాత స్కూటరును తక్కువ ధరకు కొనేవారు దాని తయారీ తేదీని గమనించవలెను. ధర తేడాకు ఇదొక కారణం కావచ్చును.

ప్రమాణాలు ఎంత పకడ్బందీగా ఉన్నా వైరింగు యజమానిదే. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ భద్రతా నిబంధనలు చార్జింగ్ కేంద్రాలను ఉద్దేశించినవే అయినా, ఇంటికి సైతం అవి చక్కని కొలబద్ద. సాకెట్ నేల మట్టం నుండి కనీసం 800 మిల్లీమీటర్ల ఎత్తులో ఉండవలెను. వాహనం చార్జింగ్ పాయింటుకు అయిదు మీటర్లలోపే నిలపవలెను. ఎక్స్‌టెన్షన్ వైరు వాడరాదు. లీకేజీ విద్యుత్తు 30 మిల్లీ ఆంపియర్లు మించకముందే సరఫరాను తెంచే పరికరం, అంటే ఎలక్ట్రీషియన్లు ఆర్.సి.సి.బి. అని పిలిచేది, అమర్చవలెను. మూడవ అంతస్తు బాల్కనీ నుండి వీధిలోని స్కూటరుకు వైరు వేలాడదీయడం నగరంలో సాధారణ దృశ్యమైపోయినది. పైన చెప్పిన ప్రతి జాగ్రత్తను అది ఒకేసారి ఉల్లంఘిస్తున్నది.

లోడు సంగతి కూడా చూడవలెను. స్కూటరు చార్జర్ సాధారణ గృహ కనెక్షన్‌కు భారం కాదు. కారు అలా కాదు. 16 ఆంపియర్ల సాకెట్ నుండి గంటకు దాదాపు 3.3 యూనిట్లు మాత్రమే తీసుకొనవచ్చును గనుక 30 యూనిట్ల బ్యాటరీ నిండడానికి పది గంటలు పడుతుంది. ఆ పది గంటలలో ఇంట్లో ఎయిర్ కండిషనర్, గీజర్ వాడినచో రెండు, మూడు కిలోవాట్ల మంజూరు లోడు సరిపోదు. 7 కిలోవాట్ల గోడ చార్జర్ పెట్టించుకొనేవారు విద్యుత్ పంపిణీ సంస్థకు దరఖాస్తు చేసి అదనపు లోడు మంజూరు చేయించుకొనవలెను. అవసరమైతే త్రీ ఫేజ్ కనెక్షన్‌కు మారవలెను. సొంత ఇంటి కనెక్షన్ నుండే వాహనం చార్జింగ్ చేసుకొనవచ్చునని కేంద్ర విద్యుత్ మంత్రిత్వ శాఖ 2022 జనవరి మార్గదర్శకాలలో స్పష్టం చేసినది. ప్రత్యేక కనెక్షన్ తప్పనిసరి కాదు.

గృహజ్యోతి లబ్ధిదారులు ఒక లెక్క వేసుకొనవలెను. విద్యుత్ స్కూటరు ఒక్క యూనిట్‌కు ఇంచుమించు 25 నుండి 30 కిలోమీటర్లు నడుస్తుంది. రోజుకు 40 కిలోమీటర్ల చొప్పున నెలకు 26 రోజులు తిరిగినచో చార్జింగ్‌లో పోయే నష్టంతో కలిపి సుమారు 40 నుండి 45 యూనిట్లు అదనంగా ఖర్చవుతాయి. ఇప్పటికే 170 యూనిట్లు వాడుతున్న ఇల్లు 200 యూనిట్ల పరిమితి దాటిపోతుంది. దాటిన నెల మొత్తం బిల్లు చెల్లించవలసి వస్తుంది. అయినప్పటికీ పెట్రోలు ఖర్చుతో పోల్చినపుడు లాభమే కావచ్చును. కాని ఆ బిల్లు చూసి ఆశ్చర్యపోకుండా ఉండాలంటే లెక్క ముందే తెలిసి ఉండవలెను.

అపార్ట్‌మెంట్ల సమస్య

ఫిర్యాదులు ఎక్కువగా వచ్చేది ఇక్కడినుండే. సంఘం అనుమతించలేదని ఒకరు, ఉమ్మడి మీటరు నుండి కరెంటు వాడుకొంటున్నారని మరొకరు వాదులాడుకొనడం పరిపాటి అయినది. 2024 ఫిబ్రవరిలో సవరించిన విద్యుత్ (వినియోగదారుల హక్కులు) నిబంధనలు దీనికి మార్గం చూపినవి. వినియోగదారు గాని, నివాసుల సంఘం గాని కోరినచో వాహన చార్జింగ్ కొరకు ప్రత్యేక కనెక్షన్ ఇవ్వవలసిన బాధ్యత పంపిణీ సంస్థపై ఉన్నది. పూర్తి వివరాలతో దరఖాస్తు అందిన తరువాత కొత్త కనెక్షన్‌కు మహానగరాలలో మూడు రోజులు, ఇతర పురపాలక ప్రాంతాలలో ఏడు రోజులు, గ్రామాలలో పదిహేను రోజులు గడువుగా నిర్ణయించినారు. ప్రత్యేక మీటరు వచ్చిన తరువాత ఉమ్మడి బిల్లు తగాదాకు తావుండదు. 2019లో సవరించిన కేంద్ర నమూనా భవన నిబంధనలు కొత్త భవనాల పార్కింగ్‌లో 20 శాతం స్థలంలో చార్జింగ్ సౌకర్యానికి వీలు కల్పించాలని సూచించినవి. పాత భవనాలకే చిక్కు.

అగ్నిప్రమాద భయంతో కొన్ని సంఘాలు సెల్లారులో చార్జింగ్‌ను పూర్తిగా నిషేధిస్తున్నవి. వారి భయం అకారణం కాదు. అయితే నిషేధం వలన జరుగుతున్నదేమిటో చూడవలెను. సెల్లారులో వీలు లేదన్నప్పుడు స్కూటరు యజమాని బ్యాటరీని లిఫ్టులో పెట్టుకొని ఫ్లాటులోనికి తీసుకొనిపోయి హాలులోనో, పడకగదిలోనో చార్జింగ్ పెడుతున్నారు. నిజామాబాద్, విజయవాడ దుర్ఘటనలు జరిగినది సరిగ్గా అట్టి చోటనే. మెట్లకు, లిఫ్టుకు, బయటి ద్వారానికి దూరంగా, గాలి ఆడే చోట, సాధ్యమైతే ఆరుబయట, ఒక నిర్దిష్ట స్థలం కేటాయించి అక్కడ సక్రమమైన వైరింగు, ప్రత్యేక మీటరు పెట్టించడమే నిషేధం కంటె సురక్షితం. అద్దెకు ఉండేవారు కొనుగోలుకు ముందే ఇంటి యజమాని నుండి వ్రాతపూర్వక అంగీకారం తీసుకొనడం మంచిది.

బ్యాటరీకి జవాబుదారీ

వాహనం ధరలో సింహభాగం బ్యాటరీదే. కార్ల తయారీదారులు సాధారణంగా ఎనిమిదేళ్లు లేదా 1,60,000 కిలోమీటర్లు, ఏది ముందైతే అది, వారంటీ ఇస్తున్నారు. ద్విచక్ర వాహనాలలో మూడేళ్ల వారంటీ ఎక్కువగా కనిపిస్తుంది. అదనపు సొమ్ముకు పొడిగించే కంపెనీలూ ఉన్నవి. వారంటీ పత్రంలో చూడవలసినది సంవత్సరాల సంఖ్య ఒక్కటే కాదు. బ్యాటరీ సామర్థ్యం ఎంత శాతానికి పడిపోయినపుడు మార్చి ఇస్తారు? వాహనం రెండవ యజమానికి మారినపుడు వారంటీ కొనసాగుతుందా? వేరే చార్జర్ వాడినచో రద్దవుతుందా? ఈ మూడు ప్రశ్నలకు వ్రాతలో సమాధానం ఉండవలెను. రామగుండం, ఖమ్మం వంటి చోట్ల వేసవి ఉష్ణోగ్రతలు 45 డిగ్రీల వరకు పోతుంటాయి. ఎండలో తిరిగి వచ్చిన వెంటనే చార్జింగ్ పెట్టక వాహనాన్ని నీడలో కొంతసేపు చల్లారనివ్వడం బ్యాటరీ ఆయుష్షుకు మేలు.

2020 ఆగస్టులో కేంద్ర రవాణా మంత్రిత్వ శాఖ బ్యాటరీ లేకుండా కూడా వాహనాన్ని అమ్మి, రిజిస్టరు చేయవచ్చునని తెలిపినది. దీనితో బ్యాటరీని అద్దెకు ఇచ్చే పద్ధతులు వచ్చినవి. కొనుగోలు ధర తగ్గడం నిజమే. కాని బ్యాటరీ యజమాని వేరొకరు అవుతారు గనుక అద్దె బకాయి పడితే ఏమగును, వాహనం అమ్మినపుడు ఒప్పందం ఎవరికి బదిలీ అగును, ప్రమాదంలో బ్యాటరీ పాడైతే నష్టం ఎవరిది అనేవి ఒప్పందంలో చదువుకొనవలెను.

పాత వాహనం కొనేవారికి కిలోమీటర్ల రీడింగు కంటె బ్యాటరీ ఆరోగ్య నివేదిక ముఖ్యం. దానిని కంపెనీ అధీకృత సర్వీసు కేంద్రం నుండి తీసుకొనవలెను. యాజమాన్య బదిలీని కొన్నవారు ముప్పై రోజులలోగా రవాణా శాఖకు తెలియజేయవలెను. జి.ఎస్.టి. రిజిస్ట్రేషన్ ఉన్న వ్యాపారి పాత విద్యుత్ వాహనం అమ్మినపుడు అతనికి మిగిలిన లాభంపై 18 శాతం పన్ను వర్తిస్తుంది. వ్యక్తులు తమలో తాము అమ్ముకొన్నపుడు వర్తించదు.

పనికిరాని బ్యాటరీని ఇంటి చెత్తలో వేయరాదు, పాత ఇనుప సామాను వారికి అమ్మరాదు. 2022 ఆగస్టులో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నిబంధనలు దానిని తిరిగి సేకరించే బాధ్యతను ఉత్పత్తిదారుపై ఉంచినవి. వినియోగదారు బాధ్యత దానిని వేరుగా ఉంచి సేకరణ లేదా రీసైక్లింగ్ సంస్థకు అప్పగించడం.

వరద నీటి విషయంలో ప్రత్యేక జాగ్రత్త అవసరం. 2020 అక్టోబరులో హైదరాబాద్‌లోనూ, 2024 సెప్టెంబరులో విజయవాడలోనూ సెల్లార్లలోని వాహనాలు రోజుల తరబడి నీటిలో ఉన్నవి. అట్లు మునిగిన విద్యుత్ వాహనాన్ని నీరు తగ్గిన తరువాత స్టార్టు చేసి చూడరాదు, చార్జింగ్ పెట్టరాదు. పైకి ఆరినట్లు కనిపించినా బ్యాటరీ లోపల చేరిన తేమ రోజుల తరువాత కూడా మంటకు దారితీయవచ్చును. వాహనాన్ని ఇంటికి, ఇతర వాహనాలకు దూరంగా ఆరుబయట ఉంచి, సర్వీసు కేంద్రానికి, బీమా సంస్థకు సమాచారమిచ్చి, దానిని మరొక వాహనంపై ఎక్కించి తరలించవలెను. బ్యాటరీ నుండి పొగ, బుసబుస శబ్దం, ఘాటైన వాసన వచ్చినచో మెయిన్ స్విచ్ ఆపడానికి వీలుంటే ఆపి, అందరూ బయటకు వచ్చి 101కు ఫోను చేయవలెను. వాహనాన్ని బయటకు లాగే ప్రయత్నం చేయరాదు.